నువ్వు పిలిచేదాకా

హలో… ఆఁ, సూసన్ననే. ఎవులు?

…పెద్దమ్మ సర్చికెళ్లింది. ఏటన్నా ఉంటే నాతో సెప్పండి.

…ఏ ఎమిలీ?

…మా అమ్మ పేరూ ఎమిలీయే. సచ్చిపోయింది. బర్మాలో, యుద్ధంలో.

…

హలో? మళ్లీ అను.

…ఉండు. మా అమ్మవైతే మన కోడిపెట్ట పేరు సెప్పు.

…టీచరమ్మ. ఆఁ. అవును.

…కూసున్నాను. కూసునే ఉన్నాను, మంచం మీద.

…లేదు, ఏడవట్లేదు. రావట్లేదు. కోపం కాదమ్మా… ఏటీ లేదు లోపల. నువ్వేడు. నేను వింటాను.

…మిలిట్రీవోళ్లు అట్టుకుపోయినారా? …ఇన్నాళ్లూ జైల్లోనా! మరిప్పుడు? …థాయిలాండ్ కేంపు. అన్నం పెడతన్నారా?

…అక్కడి సర్చి సంఘంవోళ్లు ఇక్కడ మా సర్చి అయ్యగార్ని అడిగి నంబరట్టినారా. ఆఁ.

…నేనా? పక్కింటి సుందర్రాజు మావ ఇంటోళ్లతో బోర్డరు దాటి మిజోరం వచ్చినాను. అక్కడ కేంపులో ఉన్నానని తెలిసి దోర్కా పెద్దమ్మే వచ్చి తెచ్చుకుంది. మీ పెదనాన్న కూతురు లేదూ, ఆవిడే. ఖరగ్‌పూర్‌లో, నిమ్‌పురా రైల్వే కోటర్సు.

…బాగా సూస్తాది. బడికెళ్తన్నాను. బంగ్లా వచ్చీసింది, హిందీ వచ్చీసింది. బర్మా మాటే మర్సిపోతన్నాను.

…ఆ సప్పుడా? యార్డులో గూడ్సు బండి. ఇంజినొచ్చి పెట్టెల్ని గుద్దుతాది. ఇక్కడోళ్లకి అది వినపడనే వినపడదు. నేనైతే మంచం కింద దూరిపోయీదాన్ని.

…ఇప్పుడా? రాత్రులు ఇప్పుడూ దూరతాను. నడుం నొప్పెడతాదని పెద్దమ్మ మంచం కింద సాపేసి ఉంచింది.

…అమ్మా, నీకోటి సెప్పాలి. తిట్టకు. నీ పేరు రాయి మీద సెక్కించీసినాం.

…సమాధుల తోటలో. మీ పెదనాన్న రాయి కింద కాస్త సోటుంటే… 'ఎమిలీ, ప్రభువునందు నిద్రించినది' అని. శవం లేకండా ఏటిదని అయ్యగారు వద్దన్నారు. పిల్లకి ఏడ్డానికి ఒక సోటుండాలని పెద్దమ్మే పట్టుబట్టింది.

…నవ్వుతావేటి?

…ఏటేటా సమాధుల పండక్కి సున్నమేసి, బంతిపూలెట్టి, కొవ్వొత్తి ఎలిగిస్తాం. నేనే ఎలిగిస్తాను. గాలికి ఆరిపోకండా సెయ్యి అడ్డెడతాను.

…లేదు. అక్కడా ఏడవలేదు. పెద్దమ్మ ఏడుస్తాది, నేను బంతిపూలు సర్దుతాను.

…సెరిపించీవచ్చులే. ముందు పెద్దమ్మకి ఎలా సెప్పాలో. సర్చి నుంచి వచ్చీసరికి కాసిన్ని మంచినీళ్లు దగ్గరెట్టుకుంటాను.

…తెలీదమ్మా. నువ్వొస్తావో, నేనొస్తానో… తెలీదు. అది కాదు నేనడిగేది.

…ఆ రోజు గుర్తుందా? బాంబుల ఇమానం వచ్చినప్పుడు. నన్ను గోతిలో దింపి ఏటి సెప్పినావు?

…ఆఁ, అదే. 'నేను పేరెట్టి పిలిచేదాకా తలెత్తకు. ఇంకెవులు పిలిచినా రాకు' అని.

…తలెత్తలేదు. సీకటి పడిపోయినా. సుందర్రాజు మావ పిలిచినాడు, పలకలేదు. ఆళ్లావిడ పిలిచింది, పలకలేదు. ఆఖరికి మావే నా జబ్బ అట్టుకుని పైకి లాగీసినాడు.

…నువ్వు పిలవలేదు కదమ్మా.

…నీ తప్పని కాదు. ఎలా పిలుస్తావు, నిన్ను అట్టుకుపోతే? అప్పుడు తెలీదు, ఇప్పుడు తెల్సింది. ఏడవకు. మావ లాగీసినాడు గానీ… నేనింకా అందులోనే కూసున్నాను.

…పిలు.

…ఇప్పుడే. అలా మెల్లగా కాదు. ఈదిలో ఆడుకుంటంటే బువ్వకి పిలిచీదానివి సూడు, గట్టిగా, ఊరంతా వినపడీలాగ.

…

…

ఆఁ…

ఆఁ అమ్మా… వస్తన్నాను… వస్తన్నానే…