ఐసులో వచ్చిన ఆంటీ

గూడూరు జంక్షన్‌లో రైలు ఆగి ఉంది. తిరుపతి ఇంట్లో ఉన్న అత్తగారు దేవకమ్మ చెప్పేది లోహిత చెవికి అంటిపెట్టుకున్న ఫోనులో కూడా సరిగ్గా వినబడడం లేదు.

“గట్టిగా మాట్లాడు అత్తా. కొరియరాయన ఏమన్నాడు?”

“గట్టిగా మాట్లాడేందుకు లేదు పాపా. ‘ఆంటీ బాడీ వచ్చింది, ఐసులో ఉండాది, అర్ధగంటలో తెస్తాను, చల్లగా పెట్టుకోండి’ అన్నాడు. నేను కూలబడిపోయినా.”

“యాంటీబాడీ అత్తా. యాంటీ.”

“నేనూ అదే గదా అంటా ఉండాను. మీ గైడు ప్రశాంతి ఆంటీ. ఆమె పోతేగానీ నాకు డాక్టరేటు రాదని వారానికి రెండుతూర్లు అంటావే, పోయిందేమో అనుకున్నా.”

“ఆమె బాడీని మనింటికెందుకు పంపిస్తారు?”

“పెండ్లి గాలేదంటివి. ఎవురూ లేరేమోనని.”

“అది బొటనవేలంత సీసా అత్తా. కుందేలు రక్తంలోంచి తీస్తారు. కణాల్లో మా ఎంజైము యాడ దాక్కున్నా పోయి దాన్నే పట్టుకుంటాది. మూడు నెలలు ఎదురుచూసినా. ఈరోజు ల్యాబుకు సెలవని ఇంటి అడ్రసు ఇచ్చినా. ఆ ఎంజైమును కమిటీకి చూపించకపోతే ఇంకో ఏడాది ఈ చదువే. ఫ్రిజ్‌లో పెట్టినావా?”

“ఫ్రిజ్‌లో యాడ, పొద్దున్నుంచి కరెంటు లేదు.”

“అత్తా, చెడిపోతాది అత్తా, అయిపోయింది నా పని…”

“ఉండు. కొరియరాయన వచ్చేలోపలే ఆదిమూలానికి ఫోను చేసి ఫ్రీజర్ బాక్సు తెప్పించినా.”

“ఏ ఫ్రీజర్ బాక్సు?”

“శవాన్ని పెట్టేది, ఆదిమూలం బాడుగకిస్తాడే, అది. బాడీ అన్నాక పెట్టాల్నా, వద్దా? ఆరడుగుల బాక్సు, బ్యాటరీతో సహా హాల్లో దించిపోయినారు. తీరా చూస్తే టిఫిన్ డబ్బా అంత పార్సెలు. వచ్చిన బాక్సు ఖాళీగా ఎందుకని దాంట్లోనే పెట్టి, అద్దం మీద దుప్పటి కప్పినా.”

“దుప్పటెందుకు?”

“అంత బాక్సులో అంత డబ్బా. బోసిగా ఉన్నింది.”

“నవ్వించొద్దు అత్తా, రైల్లో అందరూ సూస్తా ఉండారు. బాక్సు మీద ఎన్ని డిగ్రీల చల్లదనమో నంబరు వెలగతా ఉంటాది, ఎంతుండాది?”

“వంటింట్లోంచి తొంగిచూడాల, ఉండు. నాలుగు.”

“నాలుగా? సరిగ్గా సూడు.”

“నాలుగే. ఎక్కువా, తక్కువా?”

“నాలుగే కావాల అత్తా. మా ల్యాబు ఫ్రిజ్ గూడా ఇంత బుద్ధిగా ఉండదు. నువ్వు బంగారం. నేనొచ్చేదాకా మూత మాత్రం తెరవద్దు.”

“నేను తెరవను. వీళ్ళే ఆఖరి చూపంటా ఉండారు.”

“ఎవురు వీళ్ళు?”

“కాఫీ పెట్టుకుందామని ఇట్లా వంటింట్లోకి వచ్చినా, అట్లా హాలు నిండిపోయింది. రేణిగుంట నుంచి మా వదిన కుప్పమ్మ గూడా దిగింది. పదేండ్లుగా నాతో మాట లేదు, దండ పట్టుకోనొచ్చింది.”

“ఎవురు పోయినారని?”

“దేవకమ్మ ఇల్లు యాడని ఆదిమూలం మనుషులు వీధంతా అడగతా వచ్చినారంట.”

“అయ్యో. బయటికి పోయి బతికే ఉండానని చెప్పు అత్తా.”

“చెప్తే, మరి లోపలుండేది ఎవురని మూత తీసి చూస్తారు. కోడలొచ్చేదాకా తీయగూడదని కుప్పమ్మే అందర్నీ ఆపింది. నువ్వు కొంచెం ఏడస్తా రా పాపా.”