నొప్పి తెలియని పటకారు

"ఇదిగో, ఈ పన్ను పీకే పటకారు నా చేతి పనే!" అంటూ లేతు మిషను మేస్త్రి తన ముందరి పన్ను లేని సందులోంచి టీ జుర్రుకున్నాడు. టీ కొట్టు బల్ల చివర దర్జీ వాచిన బుగ్గ పట్టుకుని కూర్చున్నాడు. మేడ మీదే పళ్ళ డాక్టరమ్మ గది. వారం నుంచి కింది మెట్టు దాకా వెళ్ళి తిరిగొచ్చేస్తున్నాడు పాపం.

"డాక్టరమ్మది చిన్న చెయ్యి. పాత పటకార్లేమో పహిల్వాన్ల కోసం చేసినట్టుండేవి, సాయంత్రానికి మణికట్టు లాగేసేదట. నేనేం చేశాను? మైనం ముద్ద చేతిలో పెట్టి, 'గట్టిగా పిడికిలి బిగించమ్మా' అన్నా. ఆ అచ్చుకే పిడి చేశా. పెదవికి ఇనుము చల్లగా తగలకూడదని మెడ దాకా రబ్బరు తొడిగా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?"

"మొదటి రోజు ఒకాయనకి పన్ను పీకేశాక, 'ఇంకా మొదలెట్టలేదా అమ్మా?' అని అడిగాడు! రెండో రోజు మా అత్తగారు. కుర్చీలో కూర్చుని నన్ను తిడుతూనే ఉంది, రెండు దవడ పళ్ళు ఊడొచ్చాయి, తిట్టు మాత్రం ఒక్కటీ తెగలేదు!"

"అమ్మ బాబోయ్!" పాలు పొంగిపోతున్నా టీ కొట్టాయన చూడలేదు.

"అదేం చూశారు! నెల తిరిగేసరికి నొప్పి లేనివాళ్ళు కూడా క్యూ కట్టారు, గట్టి పళ్ళు పీకమని ఏడుపులు! ఆఖరికి ఒకరోజు ఆవిడ చేతులు కడుక్కునేలోగా, కుర్చీలో ఉన్నాయన పుచ్చు పన్ను తనంతట తనే లేచొచ్చి బల్ల మీదున్న పటకారు నోట్లో కూర్చుంది! ఈ కళ్ళతో చూశా!"

అందరం నోళ్ళు తెరిచాం. దర్జీ కూడా తెరిచి, నొప్పికి వెంటనే మూశాడు.

"నిజంగా నొప్పే ఉండదా మేస్త్రీ? అయితే ఇప్పుడే మెట్లెక్కుతా. ఏదీ, ఒకసారి ఇలా ఇవ్వు."

అందుకుని తిప్పి చూసి బిగుసుకుపోయాడు. మెడ దగ్గర రబ్బరు మీద లోతుగా పంటి గాట్లు. నాలుగు, మధ్యలో ఖాళీ, మళ్ళీ మూడు. దర్జీ కంటి కొలత తప్పదు. గాట్ల వంక చూశాడు, మేస్త్రి నోటి వంక చూశాడు.

"ఇది నువ్వు కొరికిందే కదూ?"

మేస్త్రి మొహం పాలిపోయింది.

"రబ్బరు మార్చమని ఇచ్చింది డాక్టరమ్మ," అని గొణిగాడు.

"అంటే, నొప్పి ఉంటుందన్నమాట."

మేస్త్రి గ్లాసు కింద పెట్టాడు. "సూది వేసేటప్పుడు కందిరీగ కుట్టినట్టుంటుంది తమ్ముడూ. పది లెక్కపెట్టేలోగా పోతుంది. పీకేటప్పుడు ఏమీ తెలియదు. మొన్న నా దవడ పన్ను పీకించుకున్నప్పుడు నేను నొప్పికి కొరకలేదు, భయానికి కొరికా."

ఇన్నేళ్ళలో ఆయన నోట మేం విన్న మొదటి నిజం అదే. దర్జీ పటకారు తిరిగిచ్చేసి లేచాడు. ఈసారి కింది మెట్టు దగ్గర ఆగలేదు.