పదిసార్లు రాయని వాక్యం

పుస్తకంలో ఉన్నదల్లా పిల్లలకు అలాగే చెప్పేయవచ్చునా అన్న అనుమానం ఉపాధ్యాయుడిగా నాకు చాలా ఏళ్లుగా ఉంది. 2003 వేసవి మొదట్లో, పెద్ద పరీక్షలకు ముందు, నాగాయలంక దగ్గరి మా బడికి ఏడో తరగతి పిల్ల తల్లి చేపలగంపతో వచ్చి నన్ను నిలదీసింది.

“మాస్టారూ, ‘మా వలలు తాబేళ్లను చంపుతున్నాయి’ అని పదిసార్లు రాయమన్నారంట. మా పిల్ల రాయదండి.”

“జాలర్ల వలల వల్లే చస్తున్నాయని పాఠంలో ఉందమ్మా. మీ అమ్మాయి పరీక్షలో కాదని రాసింది.”

“ఆ పుస్తకం ఎప్పుడన్నా సముద్రంలోకి వచ్చిందాండి? తాబేలు పడితే మా ఆయన దానికి బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకుని వదిలేస్తాడు. చిక్కుపడితే వల కోసేస్తాడు.”

“మీ వలలో ఒక్కటీ చావలేదా?”

“రెండు చచ్చినయ్. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. అదీ రాయమనండి, రాస్తది.”

“మరి ఒడ్డుకు అన్ని తాబేళ్లు చచ్చి కొట్టుకొస్తున్నాయే?”

“మరబోట్లు ఈడ్చే వలల్లో ఊపిరాడక చస్తన్నయ్. బోటు ఓనరు కొడుకూ మీ క్లాసేగా. వాడితో రాయించారా?”

“లేదమ్మా. రాయించలేదు.”

“రాయించరు లెండి.”

“పెద్ద పరీక్షలో ఇదే ప్రశ్న వస్తే మార్కు పోతుంది కదమ్మా.”

“పోనీయండి. తాబేలు కోసం వాళ్ల నాన్న వలే పోగొట్టుకున్నాడు. ఒక్క మార్కుకి మా పిల్ల ఏడవదు.”