వెండిని వినే చెవులు

హిలారా సారాకొట్లో పాంఫిలుస్ ఎప్పుడూ గోడకి వీపానించే కూర్చుంటాడు. ఎదుటివాళ్ళ పెదాలన్నీ కనబడాలి గదా! చలికాలం నుంచి అతని చెవుల్లో తుమ్మెదలు కాపురం పెట్టాయి. మాటల్ని పెదాల మీదే ఏరుకుంటున్నాడు. షావుకారు దగ్గర వెండి దీనారాల్ని బల్లమీద మోగించి, మంచిదేదో దొంగదేదో చెప్పే కొలువు అతనిది. చెవి పోయిందని తెలిస్తే కొలువూ పోతుంది.

ఇవాళ గోడ పక్క చోటు కసాయి రూఫియో ఆక్రమించాడు. పైగా షావుకారు గుమాస్తా అంతెరోస్ ఎన్నడూ లేనిది వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. తను మాట్లాడుతున్నంతసేపూ ఎవరూ ఏమీ అడగరని పాంఫిలుస్ కబుర్లు ఎత్తుకున్నాడు.

"నాకు చదువా లేదు. రూపమంటారా, నన్ను చేస్తున్న దేవుడు మధ్యలో అన్నానికి లేచిపోయాడు. ఉన్నవల్లా ఈ రెండు చెవులు. మొన్నొకడు సంచెడు దీనారాలు తెచ్చాడు. మూతి విప్పకముందే, అడుగున ఒకటి దొంగదిరా అన్నాను. చూస్తే ఉంది!"

"ఊహించి ఉంటావులే," అన్నాయి రూఫియో పెదాలు.

"ఊహా? దీనారం మీద ఒకపక్క రెక్కల శిరస్త్రాణంతో రోమా తల్లి, రెండోపక్క నాలుగు గుర్రాల రథం మీద జయదేవత ఉంటారు గదా, మంచి వెండైతే నాలుగు గుర్రాల దౌడూ నాకు వినిపిస్తుంది. దొంగదైతే ఒకటి కుంటుతుంది. ఎండాకాలం పాపం దాహమేస్తుందని బల్లమీద నీళ్ళు కూడా చల్లుతాను."

అంతెరోస్ ముంత పట్టుకుని లేచాడు. పాంఫిలుస్ వీపు వెనక్కి పోయాడు. మెడ తిప్పితే అనుమానం, తిప్పకపోతే ప్రాణం నిలవదు. పాంఫిలుస్ గొంతు పెంచాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? వీధవతల ఓ శవం పోతోంది. కలవారి ఇల్లు గదా, చచ్చినవాళ్ళని ఏరు దాటించే పడవవాడికి కూలిగా నోట్లో వెండే పెట్టారు. అది పళ్ళకి తగిలి టక్కుమంది. దొంగది! పాడె ఆపించాను. శవం లేచి కూర్చుని, నాణెం ఉమ్మేసి, 'బాబ్బాబు, నా కొడుకులు ఎంత పని చేశారు! పడవవాడి ముందు పరువు పోయేది' అని నా చేతులు పట్టుకుంది. మంచిది తెచ్చేదాకా పడుకోనని మొండికేసింది."

"ఆఁ!" అని తెరుచుకుంది రూఫియో నోరు.

"పోయినవారం ఆ పడవవాడే కబురంపాడు, రేవులో కూర్చుని డబ్బు మోగించి పెట్టమని. జీతం రెట్టింపట. మా షావుకారు ఉప్పు తిన్నాను, రానుపో అన్నాను!"

రూఫియో చూపు పాంఫిలుస్ వెనక నేల మీదికి పోయింది. మళ్ళీ పోయింది. మూడోసారి అక్కడే ఆగిపోయింది. హిలారా గరిటె ఎత్తి పట్టుకుని అలాగే నిలబడింది.

అంతెరోస్ ముందుకొచ్చాడు. వేళ్ళ మధ్య ఒక దీనారం.

"నీ వెనకాల రాతినేల మీద మూడుసార్లు పడేశాను మామా. వినలేదేం?"

పాంఫిలుస్ నవ్వాడు. "వినకేం! అసలుసిసలు వెండి. గుర్రాలు ఎంత జోరుగా పోయాయంటే, కాళ్ళు నేలకి తగిలితేనా!"

అంతెరోస్ నవ్వలేదు. పాంఫిలుస్ కళ్ళు తన పెదాల మీదే ఉండడం గమనించాడు. తర్వాత దగ్గరగా వంగి, నోరు బాగా తెరిచి, ఒక్కో అక్షరం విడదీసి అన్నాడు.

"దొం... గ... ది... మామా."