రెండెకరాలు ఇసుకల దిగవడ్డ నాడు

"అవ్వా, దోస్తులతోని సముద్రానికి పోత అంటే బాపు బండి తాళం ఇస్తలేడు. అప్పుడేమో అయిందట గద, ఏమైంది?"

ఏమైందా? కూసో, చెప్త. రికార్డు జేస్తున్నవు గద, ఆ ఫోను జర దగ్గర పెట్టు, నా గొంతు చిన్నగున్నది.

మొయినాబాద్ కాడ మనకు రెండెకరాలుండె. టమాట ఏసేటోళ్లం. రూపాయికి కిలో అడిగితె బర్లకేసిన దినాలు గూడ జూసినం. అటెన్క పట్నంల కంప్యూటర్ కంపెనీలొచ్చినయి, మన దిక్కు భూములకు ధర లేసింది. అమ్మినం. సగం పెట్టి చేవెళ్లల ఈ ఇల్లు కట్టినం, తక్కినదాంతోని మీ బాపు ఈ పెద్ద జీపు తెచ్చిండు. నాకైతే అది జీపు లెక్క అవుపడకపోయేది బిడ్డా. మన రెండెకరాలే వచ్చి వాకిట్ల నిలవడ్డట్టు ఉండేది. పొద్దుగాల లేసి తడిగుడ్డతోని తుడుస్తుంటి.

దీనికి నాలుగు చక్రాలూ ఇంజనుతోనే తిరుగుతయని మీ బాపు చేవెళ్లల కనవడ్డోళ్లందరికి చెప్పిండు. చెప్పి చెప్పి, సూపియ్యాలె గద, బాపట్ల దిక్కు సముద్రానికి తీస్కపోయిండు. నేను, మీ బాపు, మీ అమ్మ. నువ్వింక పుట్టలే. మీ అమ్మకు కొత్తగ లగ్గమైంది, పట్టుచీర కట్టింది. సముద్రానికి పట్టుచీరెందుకో నేనడగలే.

నేను అక్షరాలు నేర్సిన కొత్తలవి. యాభై దాటినంక సదువు, ఇగ ఆగుతదా? సిమెంటు బోర్డు, ఎరువుల బోర్డు, ఏదొస్తె అది పైకే సదువుతుంటి. నల్గొండ దాటంగనే మీ బాపు, అమ్మా, జర మనసుల సదువుకో అన్నడు. సరేనన్న. సముద్రం కాడ గూడ ఒక బోర్డున్నది. ఒక్కొక్క అక్షరం కూడుకుంటున్న. ఇసుకలోకి... వాహనములు... దింపరాదు. 'రాదు' కాడికి వచ్చేసరికి బండి దిగనే దిగింది.

నాలుగు చక్రాలు తిరుగుతయన్నడు గద, అబద్ధం గాదు, నాలుగూ తిరిగినయి. నాలుగూ ఒక్కతీరుగ దిగవడ్డయి. మీ బాపు కాలితోని గట్టిగ తొక్కుతుండు, ఇసుకంత లేసి, దిగి నిలవడ్డ మీ అమ్మ పట్టుచీర మీద పడుతున్నది. ఆడ వల కుట్టుకునేటాయన ఒకాయన వచ్చి, "పోటొచ్చేత్తందండి. ఇంకో గంటలో ఇక్కడ నీళ్లుంటాయండి" అన్నడు. అంత మర్యాదగ చెప్పేసరికి మాకు భయం గూడ జర ఆలిస్యంగనే అయింది.

నేను దిగి చక్రం జూసిన. బండరాయి లెక్కున్నది. ఇగ ఇది మీ బాపుకు చెప్పకు... చేవెళ్లల గాలి పెట్టేకాడ, మీ బాపు అరటిపండ్లకు పోయినప్పుడు, దూరం పోవాలె గట్టిగ కొట్టు నాయినా అని నేనే చెప్పిన.

మీ తాత వాగుల ఇసుక తేనీకె ట్రాక్టర్ దింపేటప్పుడు, ముందుగాల చక్రం వాల్వుల పుల్ల పెట్టి జర గాలి తీసేటోడు. చక్రం జర మెత్తగై, కింద పొట్ట రావాలె, ఇప్పుడు మీ బాపుకున్నంత. అప్పుడది ఇసుక మీద పరుసుకొని నడుస్తది. ఆ మాట చెప్తె, "ఇదేమన్న ట్రాక్టరా అమ్మా" అన్నడు. నీళ్లు ఇంకో మూర ముందటికొచ్చినయి.

"కొడకా, రెండెకరాలు మునుగుతున్నయి" అన్న.

అంతే. దిగి చక్రం కాడ మోకాళ్ల మీద కూసున్నడు. సుయ్యిమని గాలి పోతుంటె మీ బాపు ముఖం గూడ అట్లనే సన్నగైంది. మీ అమ్మ, నేను సద్ది పళ్లాలతోని చక్రాల ఎన్క ఇసుక తోడినం. వచ్చిన జాడల్నే మెల్లగ ఎనకకు రా అన్న. వచ్చింది బిడ్డా, ఈనిన బర్రె లేసినట్టు లేసి వచ్చింది.

గాలి తీసినం గని, పెట్టనీకె పంపు లేదు. మెత్తటి చక్రాలతోని గాలి పెట్టే దుకాణమున్న ఊరి దాక నడక తీరే పోవాలె. బర్రెలు గూడ మమ్ముల దాటిపోయినయి. నేను నోరు మూసుకొని మనసుల సదువుకుంటున్న. జర దూరం పోయినంక మీ బాపే అడిగిండు, "అమ్మా, ఆ బోర్డు మీద ఏమున్నది?" అని.

పైకి సదివిన. దాని తరువాతది గూడ అడిగిండు.

తాళం బియ్యం డబ్బల ఉన్నది, అడుగున. పంపు ఏసుకపో. బోర్డు మొత్తం సదివినంకనే దిగు. సల్లగుండు బిడ్డా... అగో, ఆ గాలి ముచ్చట గూడ ఫోన్ల పడ్డదా? దాన్ని జర తుడిసెయ్యి...