ఎనిమిది పేర్లు, ఏడు దెబ్బలు

తుపానులో మునిగిన ఓడవాళ్ల సంస్మరణ సభ. రేవు పక్క హాల్లోకి జనం ఇంకా రాలేదు. ఒకప్పుడు ఓడల్లో కళాసీలకు పెద్దగా పనిచేసిన పాత సరంగు ఇత్తడి గంట తుడుస్తున్నాడు. ఆయన అన్న కూతురు కుర్చీలు వేస్తోంది.

"అంతలా రుద్దుతున్నావేంటి బాబాయ్, మొహం చూసుకుంటావా?"

"చూసుకున్నాను తల్లీ. ఇంకా పెళ్లికి పనికొస్తాను."

"పోయినేడు ఎన్ని దెబ్బలు కొట్టావు?"

"పేరుకొకటి. పోయింది ఎనిమిది మంది. నాకు చదువు రాదుగానీ వేళ్లున్నాయిగా."

"ఏడే కొట్టావు."

"ఎనిమిది."

"ఏడు. మా ఆయన పేరు చదివారు, అందరూ లేచారు, నీ చెయ్యి తాడు మీదే ఉంది. గంట మాత్రం మోగలేదు."

"చెయ్యి పట్టేసింది. ముసలి చెయ్యి."

"అంతకు ముందేడు?"

"అప్పుడు... దగ్గొచ్చింది."

"ఆ ముందేడు?"

"ఈగే! సరిగ్గా ముక్కు మీద వాలింది. గంట కొట్టనా, ఈగని కొట్టనా?"

"మూడేళ్లూ మా ఆయన పేరు దగ్గరే వస్తాయా ఈ ఈగలూ దగ్గులూ?"

"ఆ కుర్చీ వంకరగా ఉంది చూడు."

"ఉండనీ. బాబాయ్, ఆయన మునిగిపోయాడని గుమ్మంలో నిలబడి చెప్పింది నువ్వు. తర్వాత నన్ను మళ్లీ నవ్వించిందీ నువ్వే. నాకింక ఎవరున్నారు? నువ్వు కూడా నాతో అబద్ధమాడావో లేదో ఇవాళ తేలిపోవాలి."

"వేళాకోళాలాడతాను గానీ, అబద్ధం..."

"ఎందుకు కొట్టవు?"

"అదీ..."

"ఎందుకు కొట్టవు బాబాయ్?"

"బతికున్నోడికి గంట కొడితే వాడి ఆయుష్షు తీసినట్టే తల్లీ. ఓడల్లో మాకదో పట్టింపు."

"బతికున్నోడికా?"

"తలుపెయ్యి ముందు."

"వేశాను. చెప్పు."

"తుపానుకి ముందు ఆగిన రేవులోనే దిగిపోయాడు. కాగితాల్లో పేరు అలాగే ఉండిపోయింది. మొదట నేనూ పోయాడనే నమ్మాను, ఒట్టు. నెల తర్వాత ఆ ఊళ్లో కనపడ్డాడు. పక్కన ఇంకొకావిడ. 'పోయాననే అనుకోనీ మావయ్యా' అని నా కాళ్లు పట్టుకున్నాడు. ఏం చెయ్యను? మొగుడు పోయాడంటే జాలిపడతారు, మొగుడు వదిలేశాడంటే నవ్వుతారు. అందుకే నోరు కుట్టేసుకున్నాను. తిట్టు, కొట్టు. ఏడవకు మాత్రం."

"ఏడవను. పోయిన నెల ఏడ్చేశాను."

"పోయిన నెలేంటి?"

"నీ గంట మోగట్లేదని అనుమానమొచ్చి, ఓడ చివర్న ఆగిన రేవుకి నేనూ వెళ్లాను. మాట్లాడాను కూడా."

"వాడితోనా! ఏమన్నాడు?"

"ఇంకోలా చెప్పాడు బాబాయ్. 'బుద్ధొచ్చింది, ఇంటికొచ్చేస్తాను' అని ఆయన ఏడిస్తే, 'వద్దు, పోయినోడివి పోయినట్టే ఉండు' అని కాళ్లు పట్టుకున్నది నువ్వేనట."