డాక్టరుగారు చెప్పేదాకా

ఉదయం పదింటికి, తుంటి కీలు రెండోసారి మార్పించుకుని ఏడాదైన సెలూన్ యజమాని, అతని భార్య డాక్టర్ గదిలో ఉన్నారు.

"ఇలా చూడండి. ఇది ఆపరేషన్‌కి ముందు. ఇక్కడ ఎముకే లేదు, గుల్ల. ఇది నిన్నటి ఎక్స్‌రే. నిండిపోయింది! కీలు వెంట్రుకవాసి కూడా జరగలేదు."

"సంతోషం డాక్టరుగారూ."

"ఇంత ఎముక పోయినవాళ్ళకి రెండోసారి వేసింది ఇలా కుదరడం అరుదు. వచ్చే నెల డాక్టర్ల సభలో మీదే చూపిస్తున్నాను. నొప్పి?"

"లేదండి."

"అస్సలు?"

"అస్సలు లేదండి."

"చూశారా అమ్మా! మీ ఆయన మొదటిసారే నా మాట వినుంటే ఇంతదాకా వచ్చేదా? నెల తిరక్కుండా కత్తెర పట్టుకుని షాపులో నిలబడ్డారు. కీలు వదులై ఎముకని తినేసింది."

"ఈసారి విన్నారండి. నేను దగ్గరుండి వినిపించాను."

"శభాష్. షాపెలా ఉంది?"

"మా బావమరిది చూస్తున్నాడండి. ఒకటో తారీఖు నుంచి నా చోట ఇంకొకణ్ణి పెట్టుకుంటాట్ట."

"ఎందుకూ? మీరే వెళ్ళి నిలబడండి."

"అదే... అదే అడుగుదామని వచ్చాం."

"అడగడానికేముంది? ముందా చక్రాల కుర్చీ దిగండి. మా గేటువాళ్ళకి కనిపించినవాళ్ళందర్నీ తొయ్యడం ఓ సరదా."

"ఇది మాదేనండి. ఇంటినుంచి తెచ్చాం."

"మీదా? ఎందుకు?"

"కాలు మోపకూడదుగా."

"ఎవరన్నారు?"

"మీరే. 'నేను చెప్పేదాకా కాలు కింద పెట్టారంటే మళ్ళీ నా గడప తొక్కకండి' అన్నారు."

"అది ఆరు వారాల మాటమ్మా! ఫిజియోథెరపీ అబ్బాయి ఇంటికి రాలేదా?"

"వచ్చాడు. నడిపించమని డాక్టరుగారు చెప్పారా అనడిగాను. అందరికీ ఇలాగే చేయిస్తామన్నాడు. పంపించేశాను."

"మరి ఫోన్లో ఎక్స్‌రేలు పంపారుగా. నేను చూశానుగా!"

"చూశారు. చూసినప్పుడల్లా బొటనవేలు బొమ్మ పెట్టారు."

"అంటే బాగుందని!"

"మేమూ అదే అనుకున్నాం. ఇలా ఉంచితేనే బాగుందని."

"ఒక్క ఫోన్ చెయ్యొచ్చుగా!"

"చేశాం. 'డాక్టరుగారు ఫొటో చూశారు, అంతా బాగానే ఉంది' అని పెట్టేశారు మీవాళ్ళు. మంచం దిగుతానని ఈయన ఏడిస్తే నేను తిట్టాను డాక్టరుగారూ. కుర్రాళ్ళని తిట్టినట్టు తిట్టాను."

"దాన్నేమీ అనకండి. ఏడాదిపాటు నా కాలు నేలకి తగలకుండా కాపలా కాసింది. ఇప్పుడు... ఇప్పుడు మోపొచ్చా?"

"మోపండి. నా భుజం పట్టుకోండి. అమ్మా, మీరు అటువైపు. ఊఁ, బరువు వెయ్యండి."

"వేస్తున్నానండి."

"భయపడకండి. కీలు గట్టిగా ఉంది. వెయ్యండి."

"వేస్తూనే ఉన్నానండి."

"ఏమైంది, నొప్పా?"

"అస్సలు లేదండి. పట్టుకోండి, పడిపోతున్నాను."